కుంటి దరువు

బెల్జియంలోని గెంట్‌లో నేత మిల్లు మూతపడబోతోందని తెలిసి వానెస్ టేపురికార్డరు పట్టుకుని వెళ్ళి మరమగ్గాల చప్పుడు ఎక్కించుకొచ్చాడు. అందులో గోడ పక్క మగ్గం అతనికి తెగ నచ్చింది. మూడు దెబ్బలు సరిగ్గా పడి, నాలుగోది రవ్వంత ఆలస్యంగా, కుంటుతూ పడేది. ఆ ముక్క కత్తిరించి, మళ్ళీ మళ్ళీ తిప్పి, దాని మీద స్నేహితుడు గీర్ట్ చేత కేకలు పెట్టించాడు. అదే వాళ్ళిద్దరి బ్యాండు 'మూడో షిఫ్టు'. రెండేళ్ళు తిరిగేసరికి ఆంట్వెర్ప్ కుర్రాళ్ళూ జర్మనీ కుర్రాళ్ళూ ఆ కుంటి దరువే ఎత్తుకుని రికార్డులు వేసేశారు.

వానెస్ వాళ్ళమ్మ ఇర్మా ఆ మిల్లులోనే ఇరవై ఆరేళ్ళు నేసింది. మగ్గంలో దారాన్ని అటూ ఇటూ మోసే నాడె ఎగిరొచ్చి తగిలి ఎడమ కన్ను పోయింది. అంతకు మించి ఆమె ఎప్పుడూ చెప్పలేదు. కొడుకు పాట ఒక్కసారీ వినలేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం వానెస్ బతిమాలి మరీ డాన్సు హాలుకు తీసుకొచ్చాడు. బాగుందిరా అని అమ్మ ఒక్క మాట అంటే చాలనుకున్నాడు.

దరువు మొదలైంది. మూడొందల జతల బూట్లు నేలను తొక్కుతున్నాయి. ఇర్మా మాత్రం రెండు చేతులతో మొహం కప్పుకుని బల్ల కిందకి వంగిపోయింది.

వానెస్ వేదిక దిగి పరిగెత్తాడు. "అమ్మా, ఏమైందే?"

"గోడ పక్కదే కదరా ఆ మగ్గం?"

"అవును. నీకెలా తెలుసు?"

"ఆ చప్పుడు కుంటిందంటే నాడె ఎగరబోతోందని లెక్క. అందరం తల దించేసేవాళ్ళం. ఒక్కరోజు నేను దించలేదు."

వానెస్ వెనక్కి పరిగెత్తాడు. వేదిక ఎక్కి ఆ దరువు ఆపేశాడు. గీర్ట్ కేక ఒక్కటే ఒంటరిగా మిగిలింది. జనం ఈలలు వేశారు, బీరు గ్లాసులు విసిరారు.

"మతి పోయిందా నీకు?" అన్నాడు గీర్ట్. "వీళ్ళొచ్చిందే దానికోసంరా."

"ఇక అది వాయించను."

"నువ్వు మానేస్తే? మిగతావాళ్ళు మానతారా?"

గొడవ ముదురుతుందని భయపడి హాలువాడు గబగబా ఏదో రికార్డు పెట్టాడు. జర్మనీ వాళ్ళది. మూడు దెబ్బలు, ఆ పైన కుంటుతూ నాలుగోది. కుర్రకారు ఒక్కసారిగా గెంతారు.

వానెస్ కోటు తెచ్చి తల్లి భుజాల మీద కప్పాడు. "ఇది మా పాట కాదమ్మా."

"మగ్గం అదేరా," అంది ఇర్మా, తల ఎత్తకుండా.