కట్టేసిన నీళ్లు

బీరన్న అనుమానం సంగతి ఊరంతటికీ తెలుసు. పెళ్లిలో లడ్డు పెడితే, అది ఏనాటి నూనెలో వేగిందో అని వాసన చూసి గానీ నోట్లో వేసుకోడు. ఇక ఊరు దాటితే చెప్పనే అక్కర్లేదు. ఏటా వరికోతలు కాగానే నారాయణపేట పక్కనున్న తన ఊరి నుంచి రెండు వందల గొర్రెలను తోలుకొని, హుజూర్‌నగర్ ఆయకట్టు దాకా మూడు వారాలు నడుస్తాడు. ఆ మూడు వారాలూ దారిలో ఒక్క హోటల్ చాయ్ ముట్టడు. గ్లాసులన్నీ ఒకే బకెట్లో ముంచి తీస్తారు, ఎవడి ఎంగిలి ఎవడికి అంటుతుందో ఎవరికెరుక? ఎండబెట్టిన జొన్నరొట్టెలు మూట కట్టుకుంటాడు. నీళ్లు ఎక్కడివైనా పంచె కొంగుతో వడగట్టి, వాసన చూసి, అప్పుడు తాగుతాడు.

అందులో తప్పేముంది? ముప్పై ఏళ్లుగా తిరుగుతున్నా దారిలో ఒక్కనాడూ మంచం పట్టలేదు. ఆ మాట పదిమందిలో చెప్పుకొని మురుస్తాడు కూడా. మంద వెంట తనతో నడిచే భార్య బక్కమ్మ మాత్రం నవ్వుతుంది.

"నువ్వు దయ్యమొచ్చినా కాళ్లు కడుక్కొని రమ్మంటవు" అంటుంది.

ఈ ఏడు రఘుపతి అనే రైతు మడిలో మంద పెట్టారు. గొర్రెలు పడుకున్న మడికి ఎరువు కొనే పనిలేదు కాబట్టి, రైతులు మందను పిలిచి మరీ పెట్టించుకుంటారు. ఆ సాయంత్రం రఘుపతి ఇంటి నుంచి చెంబెడు చల్ల వచ్చింది. బీరన్న వాసన చూసి పక్కన పెట్టాడు. దినమంతా ఎండలో నడిచిన బక్కమ్మ గటగటా తాగేసింది.

తెల్లారేసరికి వాంతులు, విరేచనాలు. పొద్దు బారెడెక్కేలోపు ఏడుసార్లు పోయింది.

"నేను చెప్పలే? ఆ చల్ల మీద నాకు అప్పుడే అనుమానమొచ్చింది" అన్నాడు బీరన్న. మనిషి ముడుచుకొని పడి ఉంటే, తన మాటే గెలిచిందని చూపించుకునే సమయమా అది? పాపం, అతనికి భయం వేసినా అట్లాగే మాట్లాడతాడు.

తర్వాత తనకు తెలిసిన వైద్యం మొదలుపెట్టాడు. మందలో ఏ గొర్రెకైనా పారుడు పట్టుకుంటే దాన్ని విడిగా కట్టి, నీళ్లు చూపించరు. దాన్నే నీళ్లు కట్టెయ్యడం అంటారు. లోపలికి పోనిది కిందికి ఎట్లా పోతుంది? తాత తండ్రికి చెప్పాడు, తండ్రి తనకు చెప్పాడు. బీరన్న నీళ్ల క్యాను తీసుకెళ్లి బక్కమ్మకు అందనంత దూరంలో గట్టు మీద పెట్టాడు.

"నాలుక పిడచగట్టుకపోతాంది. ఒక్క గుక్క పొయ్యి."

"జర ఓపిక పట్టు. గిప్పుడు తాగితే ఇంకా పోతది."

రఘుపతి భార్య ఫోన్ చేసిందని, ఆ ఊరి నర్సు మెర్సీ స్కూటీ మీద వచ్చింది. బీరన్న చల్ల మీద నెపం పెడుతుంటే వింటూ బక్కమ్మ నాడి చూసింది. బీరన్న నర్సును కిందికీ మీదికీ చూశాడు.

"మీది ఏ వాడ మేడం?"

ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో మెర్సీకి తెలుసు. వారానికి ఒక్కసారైనా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.

"చర్చి పక్కన వాడ పెద్దయ్యా. మందు మాత్రం సర్కారుది" అంది. క్యానులోంచి లీటరు నీళ్లు సీసాలో పట్టి, పొట్లం చింపి తెల్లని పొడి కలిపింది. "చక్కర, ఉప్పు, గంతే. పోయినప్పుడల్లా ఒక గ్లాసు తాపు. బడికాడ ఇంకొకామె పడ్డది, చూసి మల్లొస్త."

ఉప్పు అనగానే బీరన్న మనసులో ముల్లు గుచ్చుకుంది. సంతలో బేరగాళ్లు చేసేది ఇదే కదా! గొర్రెలకు ఉప్పు నాకించి, కడుపు ఉబ్బేదాకా నీళ్లు తాగించి, తూకం పెంచి అంటగడతారు. కొన్నవాడు ఇల్లు చేరేలోపే జీవానికి పారుడు పడుతుంది. అట్లాంటి ఉప్పునీళ్లు, పారుడుకు మందా? ఎవరిని నమ్మించాలని?

స్కూటీ మలుపు తిరిగింది. బక్కమ్మ సీసా కోసం చెయ్యి చాపింది. బీరన్న ఆమె కళ్లముందే నీళ్లన్నీ మట్టిలో పారబోశాడు.

"నీ మంచికే" అన్నాడు.

బక్కమ్మ తడిసిన మట్టి వైపు చూసింది.

మధ్యాహ్నానికి విరేచనాలు ఆగిపోయాయి. బీరన్న ముఖం వికసించింది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు!

"చూసినవా? కట్టింది" అన్నాడు. బక్కమ్మ కళ్లు లోపలికి పోయాయి, పెదాలు బూడిద రంగుకు తిరిగాయి.

మెర్సీ తిరిగొచ్చి బక్కమ్మ కడుపు మీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలింది. చర్మం లేచినట్టే నిలబడిపోయింది.

ఆ గుర్తు తెలియని గొర్లకాపరి ఉంటాడా? గొర్రె మెడకాడ తోలు గిల్లి వదిలితే అట్లా నిలబడిందంటే, ఆ జీవం పొద్దుగూకేదాకా ఉండదు. బీరన్న ఎన్నిటికి గిల్లి చూశాడో లెక్కలేదు. పొద్దుటి నుంచి పక్కనే కూచొని, పెళ్లాన్ని మాత్రం గిల్లి చూడాలని తోచలేదు. కట్టిందనుకున్నాడు గానీ, పోవడానికి లోపల ఏమీ మిగల్లేదు.

"ఎన్ని గ్లాసులు తాగింది?" అడిగింది మెర్సీ.

"ఒక్కటి గూడ ఇయ్యలే బిడ్డా. నేనే పారబోసిన." మేడం అన్న మాట ఎటు పోయిందో అతనికే తెలియదు.

"పొద్దుటి సంది?"

"పొద్దుటి సంది."

"మనిషా, గొర్రెనా పెద్దయ్యా?" అని అరిచింది మెర్సీ. అరుస్తూనే నూట ఎనిమిదికి ఫోన్ కలిపింది, రెండో పొట్లం చింపి గ్లాసులో కలిపింది. "గీ చల్లతోనో, దారిల తాగిన నీళ్లతోనో, దేనితోటి వచ్చిందో దేవునికెరుక. ముందుగాల నీళ్లు లోపటికి పోవాలె. నేను బండికి తొవ్వ చూపిస్త. నువ్వు చెంచతోటి తాపుతుండు, ఆపకు." ఫోన్ చెవికి పెట్టుకొని గట్టు మీదికి ఉరికింది.

బీరన్న భార్య తల ఒళ్లో పెట్టుకున్నాడు. చెంచాలో సగం ఒలికింది. మిగిలింది ఆమె పెదాల దగ్గర పెట్టాడు.

పెదాలు తెరుచుకోలేదు.

"తాగు బక్కమ్మా, నీ కాళ్లు మొక్కుత. బతుకుతవు, తాగు."

ఆమె కళ్లు మెల్లగా చెంచా మీదికి, చెంచా మీది నుంచి అతని ముఖం మీదికి వచ్చాయి. ముప్పై ఏళ్లుగా అతను వండినా, తెచ్చినా మారు మాట్లాడకుండా తిన్న మనిషి. గొంతు పెగల్చుకొని అంది:

"ముందుగాల నువ్వు తాగు."

బీరన్నకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. చెంచాలోది తన నోట్లో పోసుకొని మింగాడు. నీళ్లు అతని గొంతు దిగేదాకా కళ్లార్పకుండా చూసి, అప్పుడు నోరు తెరిచింది బక్కమ్మ.