బొందలగడ్డ పక్కన బ్యాంకు

బోధన్‌లో బ్యాంకు మొదట ఒక బెల్లం వ్యాపారి ఇంట్లో కిరాయికి ఉండేది. వాన పడితే పైకప్పు కారేదని, మేనేజరు గొడుగు వేసుకుని కూర్చునేవాడని జనం చెప్పుకుని నవ్వేవారు. తర్వాత సొంత బిల్డింగు కోసం వాళ్లు కొన్న జాగా మా మెథడిస్టు క్రైస్తవుల సమాధులుండే బొందలగడ్డను ఆనుకుని ఉంది. పునాదికి సున్నంతో గీత గీశారని విన్న రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు.

నా భర్త దాసు గత్తర, అదే కలరా, వచ్చిన ఏడాది పోయాడు. అప్పుడు శవాన్ని మోయడానికే మనుషులు దొరకలేదు. తొందరలో బొందలగడ్డ కంచెకు అవతలే పాతిపెట్టి, గుర్తుగా ఒక బండ పెట్టాం. ఇప్పుడు జాగా చదును చేసినవాళ్లు అది మామూలు రాయే అనుకుని తీసేశారు.

తెల్లవారగానే నేనూ మా ఆడబిడ్డ కమలమ్మా అక్కడికి పోయాం. సున్నం గీత సరిగ్గా ఆయన మీదుగానే పోయినట్టు నాకు అనిపించింది.

"ఈడనే పెట్టినం," అన్నాను.

"ఈడ కాదు వదినె, కంచె దిక్కు. మా అన్నను పెట్టిన జాగ నాకెర్క లేదా?"

"నీకేమెర్క? గా దినం కండ్లు మూసుకొని ఏడుస్తనే ఉంటివి."

"నువ్వు తెర్సి సూసినవా మరి?"

మేస్త్రీ వీరస్వామి తల పట్టుకున్నాడు. "అక్కా, ఇద్దర్ల ఎవరి మాట ఇనాలె నేను?"

"బతికున్నప్పుడు గూడ ఒక్క కాడ కుదురుగ ఉండకపాయె మా అన్న," అంది కమలమ్మ. కూలీలు నవ్వారు. నాకు ఏడుపు వచ్చింది.

"గడ్డపార ఆయన బొక్కలకు తాకితే నేను బతక వీరస్వామీ. జర ఆపు."

తవ్వకం పనిలో పెద్దవాడు ఎర్రయ్య చెప్పులు విడిచి ముందుకొచ్చాడు. "నేను మెల్లగ సూస్త అక్కా. ఒక్కపారి తవ్విన మన్నైతె చేతికి తెలుస్తది."

నేను చూపించిన చోట గడ్డపార ఖంగుమంది. గట్టి మొరం. గీత పొడుగునా తవ్వుకుంటూ పోయాడు. అంతటా అదే మొరం. "దీన్నెవ్వడు ఎన్నడు తవ్వలే," అన్నాడు. తర్వాత కమలమ్మ చెప్పిన చోటికి పోయి గడ్డపార ఆనించాడు. అది తనంత తానే దిగింది. చటుక్కున పైకి తీసి, ఆ మన్నును అరచేత్తో సర్ది అదిమాడు.

"గీడున్నడక్కా. పునాదికి అవతల ఉన్నడు."

నేను ఆ మన్ను మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. గెలిచానని ఎగిరిపడుతుందనుకున్న కమలమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది.

అయినా ఆ చోటు బ్యాంకు జాగాలోనే ఉంది. మేనేజరు వచ్చాక వీరస్వామి సంగతంతా చెప్పాడు. ఆయన కంచె నుంచి ఆ చోటు దాకా అడుగులతో కొలిచాడు.

"ఈ కాస్త ముక్క పోతే బ్యాంకేం చిన్నదైపోదు. ప్రహరీగోడ ఇటువైపుగా కట్టండి," అన్నాడు.

అట్లా ఆయన సమాధి మా బొందలగడ్డలో కలిసింది. మరునాటి నుంచి నేనూ ఆ కూలికే పోయాను.

"నిన్న తవ్వద్దంటివి, ఇయ్యాల అందరికన్న ముందుగల్ల తట్ట ఎత్తబడ్తివి," అని వీరస్వామి ఎక్కిరించాడు.

"నీ పని ఎనకవడ్డది గద, అందుకే," అన్నాను.

పునాదిలో బండలు దబదబా పడుతుంటే పక్కనే నిలబడి, సున్నం అందించాను.