రెండు తాళాల జాడీ

మధ్యాహ్నం రెండింటికి జాడీ మూత తీసిన రొట్టెల మేస్త్రీకి లోపల ఏమీ కనిపించలేదు.

ఆ వేళకు జాడీ ఖాళీగా ఉండటం నలభై ఏళ్లలో అదే మొదలు. రోజూ పొద్దున్నే పాత పులిసిన పిండి ముద్దను కొత్త పిండిలో కలిపి పిసకాలి. ఉప్పు వేసే ముందు ఒక ముద్ద తీసి జాడీలో దాచాలి. మర్నాటి పిండిని పొంగించేది అదే. తల్లి మొదలుపెట్టిన ముద్ద, ఆ కొట్టు రొట్టెల రుచంతా అందులోనే ఉంది. అది పోతే కొట్టు పోయినట్టే.

జాడీ ఉండే అల్మారాకు రెండు తాళాలు. అతను తీసేదాకా రెండూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. తాళంచెవులు అతని జేబులోనే ఉన్నాయి.

"దొంగతనం," అన్నాడు మేస్త్రీ, రొట్టెలు సర్దుతున్న బావమరిది వైపు తిరిగి.

"నన్ను చూస్తావేం బావా? పచ్చిపిండి తినేంత కరువులో లేను."

"తలుపు మూయి. ఎవరూ కదలొద్దు."

"ఉన్నది ముగ్గురం. కదిలేది నువ్వొక్కడివే."

మేస్త్రీ అల్మారా కిందికి దూరి చూశాడు. చెత్తడబ్బా బోర్లించాడు. బావమరిది సంచీ దులిపితే ఒక దువ్వెన పడింది.

"ఎదురుకొట్టువాడే," అన్నాడు చివరికి. "పోయిన నెల ఒక ముద్ద ఇమ్మంటే కుదరదన్నాను. కక్ష కట్టాడు."

పొయ్యి దగ్గర్నుంచి భార్య వచ్చింది. "ఆదివారం అందరిముందూ నిలబడి, 'ప్రభువా, నాకున్నదంతా నీదే' అంటారు. సోమవారం ఆయన సొత్తుకి రెండు తాళాలేస్తారు. మీకు నమ్మకం లేనిది మా మీదా, ఆయన మీదా?"

మేస్త్రీ పిండి బస్తా మీద కూలబడ్డాడు. ఆ జాడీని వదల్లేక పదేళ్లుగా అతను ఊరు దాటలేదు. ఊళ్లోనే జరిగిన సొంత తమ్ముడి పెళ్లికి వెళ్లి భోజనం చేయకుండానే పరుగెత్తుకొచ్చాడు. ఇంతా చేస్తే మిగిలింది ఖాళీ జాడీ.

కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువా, ఇది నీదని నోటితో చాలాసార్లు అన్నాను. ఇప్పుడు మనసుతో అంటున్నాను. రేపు ఈ పొయ్యి వెలిగించాలో వద్దో నీ ఇష్టం. పిండి తీసినవాడెవడైనా వాణ్ణి చల్లగా చూడు."

కళ్లు తెరిచేసరికి గుండెల మీద బరువేదో దించినట్టుంది. నవ్వొచ్చింది.

"ఏమైందండీ?"

"ఆకలేస్తోంది. ఒక రొట్టె ఇలా ఇవ్వు."

అతను కుదురుగా కూర్చుని తినడం చూసి భార్య ధైర్యం తెచ్చుకుంది. "తిట్టనంటే ఒకటి చెప్తాను," అని, జవాబు కోసం ఆగకుండా వీధి దాటింది. ఎదురుకొట్టాయన్ని వెంటబెట్టుకొచ్చింది. ఆయన చేతిలో గిన్నె.

"మీ ముద్దే మేస్త్రీగారూ. మీరు కాదన్న మర్నాడు అక్కయ్యగారు తాళం పడకముందే తీసి దొడ్డిదారిన ఇచ్చారు. నెలరోజులుగా మా దగ్గర దర్జాగా పెరుగుతోంది. ఎంత కావాలో తీసుకోండి."

మేస్త్రీ గిన్నె అందుకుని వాసన చూశాడు. అమ్మ పిండే. బుడగలు బుడగలుగా పొంగి ఉంది. దాచుకున్నది పోయింది, ఇవ్వనన్నది తిరిగొచ్చింది. అతనికి భార్య మీద కోపం రాలేదు.

"సగం చాలు," అన్నాడు. "రేపట్నుంచి ఎవరడిగినా ఇవ్వండి."

"మరి దొంగను పట్టుకోవద్దా?" అన్నాడు బావమరిది. "ఇందాకట్నుంచి ఇంకోటి కూడా తేలట్లేదు బావా. రోజూ కొలిచే పిండికే ఇవాళ రెండు రొట్టెలు ఎక్కువెలా వచ్చాయి?"

మేస్త్రీ నమలడం ఆపాడు. చేతిలో మిగిలిన ముక్కను తిప్పి తిప్పి చూశాడు. లేచి ఎదురుకొట్టాయనకు చేతులు జోడించాడు.

"మిమ్మల్ని దొంగన్నాను, క్షమించండి. దొంగను నేనే. పొద్దున ముద్ద తీయబోతూ, తాళాలు సరిగ్గా పడుతున్నాయో లేదోనని చూడ్డానికి వెళ్లాను. ఒకటికి నాలుగుసార్లు లాగి చూసి, రెండూ బిగించి వచ్చాను. ఆ ధ్యాసలో ముద్ద తీయకుండానే ఉప్పేసి, పిండంతా కాల్చేశాను. పొద్దుట్నుంచి కాపలా కాసింది ఖాళీ జాడీకి. ఆ ముద్దే రెండు రొట్టెలై, సగం ఇప్పుడే నా కడుపులోకి వెళ్లింది. ఏం చెప్పమంటారు, చాలా బాగుంది."