ఓరెస్ట్ కూర్చున్న బెంచీ

ఓరెస్ట్ పద్దెనిమిదేళ్ళలో పదకొండు జట్లు మారాడు. ఐస్ హాకీలో అంచుల వెంబడి ఆడే వింగర్లకు కొదవ లేదు. ఎక్కడ ఎవరి కాలు విరిగినా వీడికి ఫోను వచ్చేది, వీడు సంచీ సర్దుకుని బయల్దేరేవాడు. స్లొవాకియాలో ఒక చలికాలం, జపానులో రెండు. చివరి మూడేళ్ళూ ఇక్కడ కెనడాలో మా ఊరి జట్టుకే ఆడాడు, మా ఇంట్లోనే ఉన్నాడు. నా భార్య లూబా బంగాళదుంప కూరి ఉడికించే కజ్జికాయల్లాంటి పెరోగీలు ఇరవై తిని, ఇంకా ఉన్నాయా అన్నట్టు గిన్నెలోకి తొంగి చూసేవాడు. మా కడుపున పుట్టలేదన్న మాటే గానీ వాడు మావాడే.

పోయిన వారం మా జట్టు వాణ్ణి వదిలేస్తే, సస్కటూన్ దగ్గరి ఇంకో జట్టు తీసుకుంది. అదీ గట్టిగా కాదు. ఆదివారం మా ఊళ్ళో మామీదే వాళ్ళ ఆట. అది చూశాక ఉంచేదీ పంపేదీ తేలుస్తానన్నాడు వాళ్ళ కోచ్ మెక్‌ఫీ. ముప్పై ఏడేళ్ళవాడికి ఇక ఇంకో ఫోను రాదు.

మా బెంచీ తలుపు దగ్గర ఉండటం నా పని. అలసిపోయి వచ్చేవాడికి తలుపు తీయాలి, ఆ క్షణమే ఇంకొకణ్ణి మంచు మీదికి వదలాలి. ముఖాలు చూస్తూ కూర్చుంటే కుదరదు. వచ్చే తీరును బట్టి తీసేస్తాను.

రెండో భాగంలో స్కోరు రెండు రెండు. ఓరెస్ట్ నిమిషానికి పైగా ఆగకుండా ఆడి, రొప్పుతూ, తల వంచుకుని జారుతూ వచ్చాడు. కుడి భుజం కిందికి వాల్చి వచ్చే ఆ తీరు నాకు తెలుసు. తలుపు తీశాను. వచ్చి కూర్చున్నాడు. మావాళ్ళు జరిగి చోటిచ్చారు. ఒకడు నీళ్ళ సీసా కూడా అందించాడు. సగం తాగాక గానీ వాడు తన చొక్కా రంగు చూసుకోలేదు.

"బాబాయ్, ఇది నా బెంచీ కాదు కదా!"

"చచ్చాం రా నాయనా, పరిగెత్తు!"

ఈలోగా మంచు మీద వాళ్ళ తరఫున గోలీ కాక ఐదుగురు ఉండాల్సిన చోట నలుగురే మిగిలారు, మావాడొకడు గోలు కొట్టేశాడు. జనం పగలబడి నవ్వారు. ఆ గోలుతోనే మేం గెలిచాం. గెలిచినందుకు ఏడుపు రావడం నాకదే మొదలు.

ఆట అయ్యాక మెక్‌ఫీ గది దాకా వెళ్ళి, నిజం చెప్పొద్దూ, బయటే ఆగిపోయాను. ఆయన పంపేస్తే వాడిక ఎక్కడికీ పోడు, మాతోనే ఉంటాడు. లూబా ఎంత సంబరపడుతుందో! నామీద నాకే సిగ్గేసి లోపలికి వెళ్ళాను.

"తప్పు నాది సార్. తలుపు తీసింది నేను."

"నువ్వు తీస్తే మాత్రం? వాడికి కళ్ళు లేవా?"

"ఒంట్లో సత్తువంతా మీకోసమే ధారపోసి వచ్చాడు సార్. ఇక కళ్ళేం కనిపిస్తాయి?"

మెక్‌ఫీ గడ్డం గోక్కున్నాడు. "మీవాళ్ళు జరిగి చోటిచ్చారట?"

"ఇచ్చారు."

"నీళ్ళు కూడానా?"

"అవును సార్."

"మా కుర్రాళ్ళు ఒకడికొకడు సీసా అందించి ఎరగరయ్యా. పరాయి బెంచీ కూడా చోటిచ్చేవాడు మాకూ ఒకడు కావాలి. సరే, సీజను అయ్యేదాకా ఉండనీ."

బస్సు దగ్గర ఓరెస్ట్ నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. "ఏం మంత్రం వేశావు బాబాయ్? పిన్నికి చెప్పొచ్చేదా?"

"బస్సు ఆగదు, ఎక్కు. నేను చెబుతాలే."

బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, మెల్లగా ఇంటిదారి పట్టాను. వాడింకా ఆడుతున్నాడని లూబాకు చెప్పాలి. దగ్గరుండి పంపించింది నేనేనని కూడా చెప్పాలి.