అందరూ బాగున్న ఇల్లు

"టీల జర అల్లం ఎక్కువెయ్, సర్వే మేడమొచ్చింది," అన్నాడు మహేష్ సోఫాలోంచి.

స్వప్న వంటింట్లో ఎడమకాలి మీదే నిలబడింది. కుడి అరికాలు నేలకు ఆనదు. నెల క్రితం వరద నీళ్లు దిగాక, ఇంట్లో బురద ఎత్తిపోస్తుంటే గాజుపెంకు గుచ్చుకుంది. ఎత్తింది ఆమె ఒక్కతే. సహాయక చర్యలను భర్త మహేష్ కాలనీ వాట్సాప్ గ్రూపులో పర్యవేక్షించాడు. తర్వాత ఫ్రిజ్‌ను ఇద్దరు మెకానిక్కులు చూశారు. బైకు నాలుగు రోజులు కర్మన్‌ఘాట్ షెడ్డులో ఉంది. అత్త రాములమ్మ మోకాళ్లకు ఎల్బీ నగర్‌లో స్పెషలిస్టు. స్వప్న కాలికి పాత చున్నీ. "చెప్పులు మార్చు, అదే తగ్గుతది," అన్నాడు మహేష్. "మా దినాలల్ల ముల్లిరిగితే పిన్నీసుతోని తీసి వరి నాటుకు పోయెటోళ్లం," అంది అత్త.

నిజానికి ఈ బస్తీలో సర్వే చేసేది స్వప్నే. వరదకు మూతపడి మళ్లీ తెరిచిన బస్తీ దవాఖానకు జనం వస్తున్నారా, రాకపోతే రోగాలతో ఏం చేస్తున్నారు అని ఇల్లిల్లూ అడగాలి. ముప్పై ఏడు ఇళ్లు రాసింది. ఎవరింటికి వాళ్లు రాసుకోకూడదు కాబట్టి కొత్తగా చేరిన వేదవతి వచ్చింది. ఆమెకు పని నేర్పిందీ స్వప్నే. "ఇంటాయన్నే అడుగు, పది నిమిషాలల్ల అయిపోతది. ఆడోళ్లను కదిలిస్తే పొద్దుగూకుతది," అని చెప్పింది.

వేదవతి శ్రద్ధగా నేర్చుకుంది.

"గ్యాసు, బీపీ, అమ్మకు మోకాళ్లు," చెబుతున్నాడు మహేష్. "వరదల తడిసినప్పటిసంది జుట్టు గుడ ఊడుతుంది. రాసుకోండ్రి."

"రాశానండీ. మరి మీ ఆవిడగారికి?"

"ఆమెకేం? దినాం ఇండ్లన్ని తిరుగుతది. మంచిగుంది."

వేదవతి 'ఏమీ లేదు' మీద టిక్కు పెట్టింది, వంటింటి వైపు చూడకుండా.

స్వప్న పెట్టిన టిక్కులూ ఇలాంటివే. ఒకింట్లో తలుపు చాటున కొంగు అడ్డం పెట్టుకుని ఎవరో దగ్గారు; భర్త "అందరం బాగున్నం" అన్నాడు; స్వప్న అదే రాసుకుంది. ఆ కాగితాల ప్రకారం ఈ బస్తీలో వరదకు తడిసింది మగవాళ్లూ, వాళ్ల అమ్మలూనే.

ట్రే తెచ్చి టీపాయ్ మీద పెట్టింది. సోఫాలో కూర్చుని, కుడికాలు ట్రే పక్కన పెట్టి చున్నీ విప్పింది. వాసనకు మహేష్ తన కప్పు దూరం జరుపుకున్నాడు.

"గిదేంది, మేడం ముంగట!"

"వేదవతీ, ఆ టిక్కు కొట్టెయ్. నన్నడుగు."

"అయ్యో అక్కా, చీము పట్టేసింది! పదండి, దవాఖానాకి వెళ్దాం."

"పోదాం. నేను రాసిన ముప్పై ఏడిండ్లు గుడ తప్పే. కాలు మానంగనే మల్ల పోతా. మొగోళ్లు డ్యూటీకి పోయినంక."

"మరి వంట?" అన్నాడు మహేష్.

ఆ ప్రశ్న ఫారంలో లేదు. స్వప్న వేదవతి భుజం పట్టుకుని గడప దాటింది.