అక్క వీధిలో నీళ్ళు

ఊళ్ళో అందరికీ ఆమె కళ్ళజోళ్ళావిడ. అక్క ఇంట్లో మాత్రం, అరవై దాటి మోకాళ్ళు కిర్రుమంటున్నా సరే, చిన్నదే. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఈ లోకంలో ఇద్దరే మిగిలారు, అక్కా, బావా.

పెద్ద రోడ్డు మీద ఆమెదొక ఇరుకు దుకాణం. గోడ నిండా అద్దాలు లేని ఫ్రేములు, మూలన అద్దాలు అరగదీసే యంత్రం, వెనకనుంచి పైగదికి మెట్లు. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా చూద్దాంలే, చూద్దాంలే అంటూ వచ్చింది. చూసి చూసి అడిగేవాళ్ళే విసిగి ఊరుకున్నారు. పగలంతా నలుగురి కళ్ళల్లోకి తొంగిచూసే మనిషికి, షట్టరు దించాక పలకరించే నోరు ఉండేది కాదు. ఆదివారాలు మాత్రం అక్క ఇంట్లో భోజనం. వారమంతా దాచుకున్న మాటలన్నీ అక్కడ ఒలకబోసి వచ్చేది.

అక్క వాళ్ళది పల్లపు వీధి. పెరటి గోడ దాటితే ఒకటే బురద, మనిషెత్తు జమ్ము, దాని అవతల ఏరు. పెద్ద వాన కొట్టిందంటే వీధి నీళ్ళు పోయే దారి లేక ఇళ్ళల్లోకి వచ్చేవి. బావకి పక్షవాతంతో కుడికాలు పడిపోయింది. నీళ్ళొచ్చినప్పుడల్లా ఆయన్ని కుర్చీతో సహా ఎత్తి పక్కింటి మేడమీదికి చేర్చాలి. ఆయన మాత్రం నవ్వేవాడు.

"ఏటి ఒడ్డుకి షికారుకెళ్ళే రాత నాకు లేదని, ఏరే నన్ను చూడ్డానికొస్తుందే చిన్నదానా. వచ్చే ముందు కబురు పెట్టదు, అదే దాని బుద్ధిలేనితనం."

ఆమె కాలువల కమిటీలో చేరడం కూడా నీళ్ళవల్లే. దుకాణం ముందు మడుగు కట్టిందని మునిసిపాలిటీకి వెళ్ళి గట్టిగా అడిగితే, అక్కడి ఆఫీసరు, "ఇంత తెలిసిన మనిషి బయట ఉండి తిట్టడమెందుకు, లోపలికొచ్చి కూర్చోండి," అన్నాడు. ఏటి పక్కన, బురద పక్కన ఎవరు ఏం కట్టాలన్నా, ఎక్కడ కాలువ తవ్వాలన్నా ఆ కమిటీ ముందుకు రావాలి. జీతం లేదు, గౌరవం అంతకన్నా లేదు. అయినా ఆమె ఒప్పుకుంది. సాయంత్రాలు మరీ పొడుగ్గా ఉండేవి.

లైబ్రరీ పైఅంతస్తులో సమావేశం. పొడుగాటి బల్ల, మూలిగే ఫ్యాను, అయిదుగురు సభ్యులు. అధ్యక్షుడు ఒకప్పుడు మందుల షాపు నడిపినాయన. ఏం చెప్పినా పూటకొకటి చొప్పున వేసుకోమన్నట్టు చెప్పేవాడు.

ఆ వేసవిలో పల్లపు వీధి కాలువ వాళ్ళ ముందుకొచ్చింది. వీధి చివరి నుంచి బురదని నిలువునా చీల్చుకుంటూ ఏటిదాకా లోతైన కాలువ. ఇంజనీరు పొడుగాటి మనిషి, ఫ్యానుకి తల తగులుతుందేమోనని వంగి నిలబడి పటం పరిచాడు.

"ఈ నీళ్ళన్నీ తీసుకెళ్ళి ఎక్కడ పోస్తారు?" అని ఆమె అడిగింది.

"ఏట్లోకేనండి. కాకపోతే ఇప్పుడు బురద పీల్చుకుని మెల్లగా వదిలే నీళ్ళు, కాలువ తవ్వాక ఒక్కసారిగా పోతాయి. బురద కూడా ఎండిపోతుంది." వేలు పటం చివరికి జరిపాడు. "ఏటి మలుపులో ఈ పేట ఉంది చూశారా? పెద్ద వానొస్తే వీళ్ళ ఇళ్ళల్లోకి మోకాలిదాకా రావచ్చు. నా రిపోర్టులోనూ అదే చెప్పానండి."

"వాళ్ళకి తెలుసా?"

"నోటీసు అంటించారండి. మునిసిపాలిటీ గుమ్మం పక్కన."

"ఇంకో దారి లేదా?"

"లేకేం. వీధి చివర పంపు పెట్టి, రోడ్డు వెంట ఏటిదాకా గొట్టం వెయ్యొచ్చు. వీధి నీళ్ళు మాత్రమే పోతాయి, బురద జోలికి పోనక్కర్లేదు. కానీ ఈ వానాకాలానికి అందదు. వచ్చే ఏడాదికే."

ఓటు తర్వాతి సమావేశానికి వాయిదా పడింది. ఇద్దరు కాలువ కావాలన్నారు, వాళ్ళలో అధ్యక్షుడొకడు. ఇద్దరు వద్దన్నారు. మిగిలింది ఆమె. సరిసమానమైతే అధ్యక్షుడి మాటే చెల్లుతుంది. అంటే ఆమె ఊరుకున్నా కాలువ వచ్చేస్తుంది.

ఈ సంగతి ఆదివారంలోపే పల్లపు వీధికి చేరిపోయింది. భోజనాలయ్యాక అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"మాకు వెయ్యమని నేనడగను. సొంత అక్కకి చేసుకుందన్న మాట నీకొద్దు. అక్క ఇల్లు అక్కడుందని చెప్పి, ఓటు టైముకి బయటికెళ్ళి నుంచో. అంతే చాలు."

అందులో తప్పేముంది? రూలు కూడా అదే అంటుంది. ఆమె తలూపింది.

ఊపిందే గానీ ఆ వారంలో ఒక మధ్యాహ్నం దుకాణం మూసి, బస్సెక్కి, ఏటి మలుపు దగ్గర దిగింది. ఎందుకు వెళ్ళిందో ఆమెకే సరిగా తెలియదు. నాలుగు వరసల చిన్న ఇళ్ళు, గుమ్మాలు నేలకి జానెడు ఎత్తులో ఉన్నాయి. ఒక తల్లి గడప మీద కూర్చుని పిల్లకి జడ వేస్తోంది. గోడవార మంచాలు, సైకిళ్ళు, కుట్టుమిషన్లు. అన్నీ నేలమీదే. నీళ్ళ భయం తెలిసిన ఇళ్ళల్లో వస్తువులు అటకెక్కి ఉంటాయి. అక్క ఇంట్లో బియ్యం డబ్బా కూడా అల్మరా మీదే. ఇక్కడ ఎవరికీ ఆ భయం లేదు.

"ఎవరు కావాలండీ?" అని ఆ తల్లి అడిగింది.

"ఎవరూ కాదమ్మా. దారి తప్పాను," అని ఆమె వెనక్కి తిరిగింది.

ఓటు రోజున, అక్క ఇల్లు ఆ వీధిలోనే ఉందని ఆమె ముందుగానే చెప్పేసింది. అధ్యక్షుడు రూల్సు పుస్తకం తిరగేశాడు.

"బంధువులకి లాభం చేసే ఓటైతే వెయ్యకూడదు. నష్టం చేసేదైతే ఏమీ చెప్పలేదు. సొంతవాళ్ళకి నష్టం చేసే మనిషి ఉంటుందని రాసినవాళ్ళు అనుకోలేదు కాబోలు," అన్నాడు.

అందరూ నవ్వారు. లేవాలి, తలుపు దాకా నడవాలి, అంతే పని. లేవాలనే అనుకుంది. కాళ్ళు రాలేదు. చేతులెత్తమన్నప్పుడు, కాలువ వద్దన్న వాళ్ళతోపాటు ఆమె చెయ్యి కూడా పైకి లేచింది.

ఆ ఆదివారం అక్క తలుపు తీసింది గానీ పక్కకి తప్పుకోలేదు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఆ కమిటీలో నువ్వెందుకు చేరావే అసలు?"

"అక్కా, అవతల పేటలో..."

"ఆ పేటలో నీకెవరున్నారు?"

ఎవరూ లేరు. ఆమె అదే చెప్పింది.

"నేను నిన్ను వెయ్యమన్లేదు. బయటికెళ్ళి నుంచోమన్నాను. అదీ నీవల్ల కాలేదు." అక్క గొంతు పెంచలేదు. "మీ బావ నిద్రపోతున్నాడు. లేపకు."

తలుపు మెల్లగానే పడింది. లోపల బావ దగ్గు వినిపించింది. ఆయన మేలుకునే ఉన్నాడు.

అప్పట్నుంచి పల్లపు వీధి వాళ్ళు దుకాణం మెట్లెక్కడం మానేశారు. కళ్ళజోడు ముక్కుమీంచి జారిపోతున్నా దారంతో కట్టుకుని తిరిగారు గానీ ఆమె దగ్గరికి రాలేదు. ఆదివారాలు ఆమె అన్నం వండుకుని, తినబోయి, ఇంకాస్త ఆగుదామనుకునేది. అక్క ఇక పిలవదని గుర్తొచ్చి తినేసేది. ఒక్కోసారి అద్దాల యంత్రంతోనే మాట్లాడుతూ దొరికిపోయేది తనకి తానే.

వానలు వచ్చాయి. రెండో వానకే పల్లపు వీధి మునిగింది. కబురు తెలిసి ఆమె షట్టరు సగం దించి, చీర ఎత్తి దోపుకుని, తొడలదాకా నీళ్ళల్లో నడిచి వెళ్ళింది. బావని అప్పటికే మేడమీదికి చేర్చారు. కుర్చీ ఎక్కించేటప్పుడు ఒకడి కాలు జారి ఆయన నడుంలోతు నీళ్ళల్లో పడ్డాడట. అక్క ఒక్కతే ఇంట్లో పరుపు ఎత్తలేక ఎత్తుతోంది. ఆమె రెండో కొస పట్టుకుంది. అక్క వద్దనలేదు. సాయంత్రందాకా ఇద్దరూ కలిసి బట్టలు పైకెక్కించారు, వీధిలో నీళ్ళు తగ్గాక ఇంట్లోవి తోడారు, బురద నెట్టారు. చిన్నప్పుడు ఒకే దుప్పటి పిండిన చేతులు, ఎవరెటు తిప్పాలో చెప్పుకోనక్కర్లేదు.

పనయ్యాక అక్క, "చీకటి పడుతోంది, వెళ్ళు," అంది. అంతే.

తడిసినందుకు బావకి జలుబు చేసి ఊపిరితిత్తులకి పట్టింది. ఆసుపత్రిలో, అక్క ఇంటికి వెళ్ళిన సమయం కనిపెట్టి ఆమె వెళ్ళింది. మంచం పక్కన కూర్చుంది. బావ మొహం సగమైపోయింది.

"నీ చోట నేనుంటే ఏం చేసేవాణ్ణో తెలీదే," అన్నాడాయన, మాట మాటకీ ఆగి. "తడిసింది నేను. కోపం మాత్రం మీ అక్కది. నా వాటా కోపం కూడా తనే పడుతోంది, నన్ను పడనివ్వట్లేదు."

"మీకు లేదా బావా?"

ఆయన కిటికీ వైపు తల తిప్పాడు. "నీళ్ళల్లో పడ్డప్పుడు కొంచెం వచ్చింది," అన్నాడు.

ఆ జవాబుకి ఆమె ఏడవలేదు. అబద్ధం చెప్పనందుకు ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది, నర్సు వచ్చి లేవమనేదాకా. బావ మెల్లగా కోలుకుని ఇంటికి చేరాడు.

చలి మొదలయ్యే రోజుల్లో ఒకావిడ దుకాణానికి వచ్చింది, సూదిలో దారం ఎక్కడం లేదంటూ. అద్దాలు మార్చి మార్చి చూపిస్తుండగా మాటల్లో తెలిసింది, ఆమెది ఏటి మలుపు దగ్గరి పేట అని.

"మొన్నటి వానలకి మీకు నీళ్ళొచ్చాయా?" అని కళ్ళజోళ్ళావిడ అడిగింది, మామూలుగా.

"మాకెందుకొస్తాయండీ? మా పేటకి ఎప్పుడూ రావు," అంది ఆవిడ కొంచెం గర్వంగానే. "నీళ్ళొచ్చేది ఇక్కడ పల్లపు వీధికంట. పాపం."

"పాపం," అంది ఆమె కూడా. ఎదురుగా ఉన్న మనిషికి అంతా చెప్పేయాలనిపించింది. ఏమని చెప్పాలి? రాని నీళ్ళ గురించి ఎవరికైనా ఎలా చెప్పడం? అక్షరాల అట్ట చేతికిచ్చి, "కింది వరస చదవమ్మా," అంది.

పంపు ప్రణాళిక కమిటీ ముందుకొచ్చిన రోజున లైబ్రరీ మెట్లదాకా జనం. ఈసారి నోటీసులు పల్లపు వీధిలోనూ, ఏటి మలుపు పేటలోనూ అంటించారు. ఆమె పట్టుబట్టి అంటించింది. వీధి తరఫున మైకు ముందుకొచ్చింది అక్క. ఇస్త్రీ చీర కట్టుకుంది, జుట్టు గట్టిగా ముడి వేసింది. బల్ల వెనక అయిదుగురిలో నేరుగా చెల్లెలి మొహంలోకే చూసింది.

"సభ్యురాలుగారూ, ఒక సంగతి అడగాలి. కరెంటు పోతే పంపు ఆగిపోతుంది కదండీ. అప్పుడు మా గతేంటి?"

గదిలో వాళ్ళిద్దరూ ఎవరో తెలియనివాళ్ళు లేరు. చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. ఇంజనీరు లేవబోయాడు గానీ, ఆమె జవాబిచ్చింది.

"ఆగదండీ. డీజిల్ ఇంజను కూడా పెడుతున్నారు."

"పెడతారా, పెడతామంటున్నారా?"

"పెట్టకపోతే పనికి అనుమతి లేదండీ. ఆ షరతు నేనే పెట్టించాను."

అక్క చెల్లెలి మొహం మీంచి చూపు తిప్పుకుంది. "అయితే సరే," అని మైకు వదిలేసింది.

అయిదు చేతులూ లేచాయి. జనం దిగిపోతుంటే ఆమె కాగితాలు సర్దుకునే నెపంతో వెనకబడింది. కిందికొచ్చేసరికి మెట్ల దగ్గర ఎవరూ లేరు.

మరుసటి వానాకాలం, ఊరంతా తడిసి ముద్దయిన ఒక మధ్యాహ్నం, దుకాణంలో ఫోను మోగింది.

"వాన పడుతోంది," అంది అక్క.

"ఇక్కడా పడుతోంది."

"నీళ్ళు రాలేదు. గుమ్మం ముందు తడి, అంతే."

"పంపు నడుస్తోందా?"

"పొద్దుట్నుంచి ఒకటే రొద. మీ బావకి నిద్ర లేదు. ఏరు రాకపోతే తోచట్లేదంటాడు."

ఆమెకి నవ్వొచ్చింది. అవతల నవ్వు వినిపించలేదు గానీ, ఊపిరి మాత్రం వినిపించింది. ఆదివారం రానా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాదంటే ఈ పాటి ఫోను కూడా మిగలదేమో అని మింగేసింది.

"సరే, చెబుదామని చేశాను. ఉంటా మరి."

"ఉండు," అంది ఆమె.

ఆ ఏడు పెద్ద వాన పడ్డప్పుడల్లా అక్క ఫోను చేసింది, నీళ్ళు రాలేదని చెప్పడానికి. వానలు వెనకబట్టాక మానేసింది.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం ఆమే చేసింది. బావ ఎత్తాడు. కులాసా కబుర్లయ్యాయి. అక్కేదంటే, "స్నానానికెళ్ళిందే," అన్నాడు కాస్త తడబడి. ఆయన వెనకాలే గిన్నెలు సర్దుతున్న చప్పుడు. ఒక గిన్నె మీద ఇంకో గిన్నె, చప్పుడు కాకుండా పెట్టాలని మరీ జాగ్రత్తగా పెడుతున్న చప్పుడు.

"పోనీలే బావా," అంది ఆమె. "మళ్ళీ చేస్తాను."