ఎనభై అయిదు పైన

నేను ఒక పల్స్ ఆక్సీమీటర్‌ని. కరోనా రోజుల్లో మీరంతా వేలికి పెట్టుకున్న చిన్న క్లిప్పుని కాదు. అరచేయంత పెట్టె, దానికో తీగ, తీగ చివర పసిపిల్లల పాదానికి చుట్టే పట్టీ. ఇదీ నా ఒళ్ళు. రెండు అంకెలు చెబుతాను. మొదటిది రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందన్నది. రెండోది గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందన్నది. ఆ అంకెలు మంచివో చెడ్డవో నాకు తెలియదు. అది తేల్చుకోవడం మనుషుల పని.

విశాఖపట్నంలో ఒక పిల్లల గుండె ఆసుపత్రిలో నన్ను పెట్టెలోంచి తీసింది సలోమి. ఆమె పద్నాలుగేళ్లు ఐసీయూలో నర్సుగా చేసి, తర్వాత మళ్ళీ చదివి నర్స్ ప్రాక్టీషనర్ అయింది. పిల్లల్ని పరీక్ష చేస్తుంది, మందుల మోతాదు సరిచేస్తుంది, ఎవర్ని ఇంటికి పంపవచ్చో చెబుతుంది. డాక్టర్లు ఆమెను సిస్టర్ అంటారు. తల్లులు డాక్టరమ్మ అంటారు. ఆమె ఉద్యోగం పేరు సరిగ్గా పలికినవాళ్ళను నేను చూడలేదు.

గుండెలో రక్తాన్ని బయటికి పంపే గదులు రెండు పనిచేయాల్సిన చోట ఒక్కటే పనిచేసే పిల్లలు ఆమె బాధ్యత. పుట్టిన వారానికి ఒక ఆపరేషన్, అయిదో నెలలో రెండోది. ఆ రెంటి మధ్య కాలం ఇంట్లో గడపాలి. ఆ కాలానికి నన్ను ఇంటికిచ్చి పంపుతారు. పొద్దున, సాయంత్రం పాదానికి కట్టి అంకె నోటుబుక్కులో రాయాలి. ఆదివారం తప్ప రోజూ పదింటికి సలోమి ఫోన్ చేస్తుంది. ఈ పిల్లలకు మొదటి అంకె డెబ్భై అయిదు, ఎనభై అయిదు మధ్య ఉండాలి. తగ్గితే ప్రమాదం. పెరిగినా ప్రమాదమే.

నేను మొదట వెళ్ళింది గాజువాకలో ఒక వెల్డరు ఇంటికి. మనుషులకు ఒక అలవాటుంది. కొలిచే యంత్రం కనబడితే తమను తాము కొలుచుకుంటారు. ఆ వెల్డరు, అతని అన్న, పక్కింటివాళ్ళు, పాలవాడు అందరూ నా పట్టీలో వేళ్ళు పెట్టారు. పెద్దవాళ్ళకు తొంభై ఎనిమిది వస్తుంది. ఎనభై అయిదు దాటితే కూత పెట్టమని నాకు చెప్పి ఉంది కాబట్టి ప్రతిసారీ కూశాను. ప్రతి కూతకూ ఆ తల్లి బెదిరి సలోమికి ఫోన్ చేసింది. మూడో వారం బాబును చూపించడానికి తెచ్చినప్పుడు సలోమి ఎనభై అయిదు దగ్గరి నా పై గీత కూత ఆపేసింది. డెబ్భై అయిదు దగ్గరి కింది గీత ఒక్కటే ఉంచింది. ఆ బాబు రెండో ఆపరేషన్ దాకా క్షేమంగా వచ్చాడు. అందువల్ల ఆపేసిన కూత గురించి మళ్ళీ ఎవరూ ఆలోచించలేదు.

రెండో ఇల్లు బొబ్బిలి అవతల ఒక ఊళ్ళో. తండ్రి అప్పలసూరి, రెండెకరాల రైతు. తల్లి గౌరీశ్వరి. పాపకింకా పేరు పెట్టలేదు. రెండో ఆపరేషన్ అయ్యాక పెడదామని నాయనమ్మ అంది. ఆసుపత్రి కాగితాల్లో 'గౌరీశ్వరి పాప' అని ఉండేది.

ఇంటికి పంపే రోజు సలోమి గౌరీశ్వరికి పదకొండు విషయాలు చెప్పింది. ఆమె పదకొండుసార్లు తలూపింది. ఎనభై అయిదు మాట అందులో తొమ్మిదోది. నా వెనక అంటించిన కాగితం మీద మాత్రం ఒకటే రాసింది: డెబ్భై అయిదు కంటే తగ్గితే ఫోన్ చేయండి.

ఏడు వారాలు అంకెలు సరిగ్గా వచ్చాయి. డెబ్భై ఎనిమిది, ఎనభై, డెబ్భై తొమ్మిది. గౌరీశ్వరి నీలం పెన్నుతో రాసేది. ఎనిమిదో వారం శనివారం సాయంత్రం ఆరెంపీ సన్యాసిరావు పాపను చూడటానికి వచ్చాడు. కరోనాలో ఆ ఊళ్ళో ఆరుగురిని బతికించింది అతనే. అప్పటి ఆక్సిజన్ సిలిండరు అతని దగ్గర ఇంకా ఉంది. నన్ను చేతిలోకి తీసుకుని డెబ్భై తొమ్మిది చూశాడు.

"తొంభై నాలుగుకి తగ్గితే అప్పుడు పెద్దాసుపత్రికి పంపేసినాం. ఇదేటి, డెబ్భై తొమ్మిది ఎట్టుకుని ఇంట్లో కూకున్నారు?"

సిస్టరమ్మ అంతే ఉండాలందని గౌరీశ్వరి చెప్పింది. ఎందుకని అడిగితే చెప్పలేకపోయింది. ఎక్కువొస్తే మంచిదే గదా అని నాయనమ్మ అంది. పరీక్షలో మార్కులకూ, పొలంలో బస్తాలకూ అలవాటైన మనుషులకు ఎక్కువ అనేది చెడ్డదని తోచదు. సిలిండరు వచ్చింది. పాప ముఖానికి మాస్కు పెట్టారు. గంటలో నేను తొంభై మూడు చూపించాను. నా కూత ఆపేసి ఉంది. నేను కూయలేదు. గౌరీశ్వరి తొంభై మూడు రాసి దాని చుట్టూ సున్నా చుట్టింది.

ఆదివారం ఫోన్ లేదు. సోమవారం పదింటికి మోగింది.

"ఎంత ఉందమ్మా?"

"తొంభై రెండు, సిస్టరమ్మా. సన్యాసిరావు బావు గాలెట్టినాడు. మొన్న సాయంత్రం నుంచి తగ్గనేదు."

పాలు తాగుతోందా అని సలోమి అడిగింది. తాగడం లేదు. చెమటలు? పడుతున్నాయి. పాదాలు చల్లగా ఉన్నాయా?

"సల్లగున్నాయమ్మా. సీతాకాలం గదా అనుకున్నాం."

"మాస్కు తీసెయ్యమ్మా. ఇప్పుడే బయల్దేరండి. ఫోన్ పెట్టొద్దు."

కారు దొరకడానికి నలభై నిమిషాలు పట్టింది. దారిలో నేను పాప పాదానికే ఉన్నాను. మాస్కు తీశాక మొదటి అంకె ఎనభై ఆరుకు, తర్వాత ఎనభై ఒకటికి దిగింది. సలోమి కోరిన అంకె అదే. రెండో అంకె నూట తొంభై ఉండేది. విజయనగరం దాటాక నూట పది అయింది. తర్వాత అరవై. ఆ పైన రెండు అంకెల చోటా గీతలు వచ్చాయి. పట్టీ జారితే కూడా నేను గీతలే చూపిస్తాను. గౌరీశ్వరి పట్టీ విప్పి మూడుసార్లు మళ్ళీ కట్టింది.

పదకొండు రోజుల తర్వాత అప్పలసూరి నన్ను తిరిగి ఇవ్వడానికి ఆసుపత్రికి వచ్చాడు. నన్ను ఉతికిన తువ్వాలులో చుట్టి తెచ్చాడు. గాలి పెడితే పాప ఎందుకు పోయిందని అడిగాడు. సలోమి ఒక కాగితం మీద గుండె బొమ్మ గీసి, చెప్పడం మొదలుపెట్టి, ఆపేసింది. కాగితం తిరగేసి ఒక మోటారు గీసింది. దాని కింద రెండు మళ్ళు గీసింది. పై మడి ఊపిరితిత్తులు, కింది మడి ఒళ్ళు. నీళ్ళు పోసే మోటారు ఒకటే అంది. గాలి పెడితే పై మడి వైపు కాలువ గట్టు తెగినట్టు అంది.

అప్పలసూరి ఆ బొమ్మలో పై మడి మీద వేలు పెట్టాడు.

"నీరంతా పై మడికే ఎల్లిపోయినాది. కింద మడి ఎండిపోయినాది."

"అవును."

"ఈ ముక్క ఆ రోజే సెప్పుంటే నాకు తెలిసేదమ్మా. నాను రోజూ సేసే పనే గదా."

చెప్పానని సలోమి అనలేదు. పదకొండింటిలో తొమ్మిదో మాట అదేనని కూడా అనలేదు.

ఆ వారం ఆసుపత్రిలో మరణాల సమీక్ష జరిగింది. కుటుంబం పొరపాటు అని రాయబోతుంటే సలోమి నన్ను బల్ల మీద పెట్టి, పై గీత కూత ఆపింది తనేనని చెప్పింది. కాగితం మీద కింది అంకె ఒక్కటే రాసింది కూడా తనేనంది. గదిలో ఎవరూ ఆమెను తిట్టలేదు. అది ఆమెకు సాయపడినట్టు నాకనిపించలేదు. బయటికొచ్చి పై గీత కూత మళ్ళీ పెట్టింది. నా వెనక పాత కాగితం గీకి కొత్తది అంటించింది. దాని మీద మోటారు, రెండు మళ్ళు, రెండు అంకెలు ఉన్నాయి.

ఇప్పుడు నేను పలాసలో మూడో ఇంట్లో ఉన్నాను. తీగ మీద పొర ఊడిపోయింది. బ్యాటరీ పూటకంటే ఎక్కువ నిలవదు. వచ్చిన రెండో రోజే ఆ ఇంటి తాతగారు వేలు పెట్టారు. తొంభై ఏడు. కూశాను. బాబు తల్లి బెదిరి ఫోన్ చేసింది. తాతగారి వేలని తెలిశాక సిగ్గుపడి, ఈ కూత ఆపే వీలు లేదా, ఇల్లంతా అదిరిపోతోందని అడిగింది.

"కుయ్యనీ అమ్మా," అంది సలోమి. "కూసినప్పుడల్లా నాకు ఫోన్ చెయ్యి. ఆదివారమైనా సరే."